పొయ్యి పోయింది, పిల్లి సీపీయూ ఎక్కింది

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఒక ఇంట్లో గేమింగ్ సిస్టం, పిల్లి రెండూ ఉన్నాయంటే "మళ్లీ ఎక్కీసింది, దించరా దాన్ని" అన్న మాట రోజూ వినబడాల్సిందే. ఎక్కేది సీపీయూ డబ్బా, అదే క్యాబినెట్ మీదికి, లేకపోతే ల్యాప్‌టాప్ కీబోర్డు మీదికి, అదీ కాకపోతే వైఫై రౌటర్ మీదికి. కుర్రాళ్లు నలుగురు చేరితే దీనికి తలో కారణం చెబుతారు. యజమాని మీద ప్రేమ అంటాడొకడు. తనను వదిలేసి స్క్రీన్ చూస్తున్నారని కుళ్లు అంటాడు ఇంకొకడు. తెర మీద కదిలే బాణం గుర్తు దానికి పురుగులా కనిపిస్తోందంటాడు మరొకడు. ఇందులో ఏదీ పూర్తిగా కొట్టిపారేసేది కాదు గానీ, అసలు కారణం ఇంతకంటే సాదాది. అక్కడ వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనం లెక్క తెలిస్తే పిల్లి సంగతే కాదు, ఎండాకాలంలో గేమ్ ఎందుకు లాగ్ కొడుతుందో, వానాకాలంలో సిస్టం ఎందుకు ఆన్ కాకుండా మొరాయిస్తుందో కూడా చాలావరకు తేలిపోతుంది.

పిల్లి ఒంటి వేడి 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. మనకంటే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. ఒంటి వేడిని నిలబెట్టుకోవడానికి ప్రత్యేకంగా శక్తి ఖర్చు పెట్టాల్సిన పని లేకుండా పిల్లి హాయిగా ఉండగలిగే గాలి వేడి దాదాపు 30 నుంచి 38 డిగ్రీలు. పలచటి నూలు బట్టలు వేసుకున్న మనిషికి పాతిక డిగ్రీల దగ్గర ప్రాణం సుఖంగా ఉంటే, అదే గదిలో పిల్లికి కాస్త చలిగా ఉన్నట్టే లెక్క. ఇంటి పిల్లి మూలం పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా ప్రాంతాల అడవి పిల్లి. ఆ జాతికే చెందిన ఎడారి పిల్లులు మన రాజస్థాన్, కచ్ ప్రాంతాల్లో ఇప్పటికీ తిరుగుతున్నాయి. మనుషులతో కలిసి బతకడం మొదలై వేల ఏళ్లయినా ఒళ్లు మాత్రం ఆ ఎండ నేలకు అలవాటు పడిన ఒళ్లే. అందుకే నాగావళి ఒడ్డున ఆగస్టు రాత్రి 28 డిగ్రీల ఉక్కలో మనిషి ఫ్యాన్ ఐదు మీద పెట్టుకుని చొక్కా విప్పేస్తే, పిల్లి ముడుచుకుని దుప్పటి కింద దూరుతుంది.

మన పెద్దవాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. వంట మొదలు కాలేదని చెప్పడానికి "ఇంకా పొయ్యిలోంచి పిల్లి లేవలేదు" అనడం తెలుగువాళ్లందరికీ తెలిసిన మాటే. రాత్రి వంటయ్యాక కట్టెల పొయ్యిలో బూడిద తెల్లవార్లూ వెచ్చగా ఉండేది, పిల్లి అందులో పడుకునేది. పేదల ఇళ్లకు గ్యాస్ ఇచ్చే దీపం పథకం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో వచ్చింది, 2016లో కేంద్రం అలాంటిదే ఉజ్వల మొదలుపెట్టింది. గ్యాస్ పొయ్యి ఆపేసిన కాసేపటికే చల్లారిపోతుంది, పైగా అందులో బూడిద ఉండదు. ఆ తర్వాత కొన్నాళ్లు పిల్లులకు పెద్ద డబ్బా టీవీ దొరికింది. పిక్చర్ ట్యూబు వేడికి దాని నెత్తి మీద వెచ్చటి చోటుండేది. ఎల్‌ఈడీ టీవీలు వచ్చాక ఆ నెత్తీ పోయింది. సెట్‌టాప్ బాక్సు మీద కుదురుకుందామంటే పిల్లి పొట్టకు ఆ జాగా చాలదు. ఇప్పుడు ఇంట్లో రోజూ గంటల తరబడి వెచ్చగా ఉండి, ఒక పిల్లికి సరిపడా వెడల్పున్న వస్తువు ఏదంటే గేమింగ్ క్యాబినెట్టే.

అది ఎంత వేడి పుట్టిస్తుందో చూద్దాం. కంప్యూటర్ లాగే కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే మారుతుంది. ఫ్యాను గాలి తోసినా, చిప్పు లెక్కలు కట్టినా, ఆఖరికి మిగిలేది వేడే. ఆర్‌టీఎక్స్ 4060 లాంటి మధ్యతరగతి గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 115 వాట్ల దాకా తీసుకుంటుంది. దాని కుటుంబంలో పెద్దదైన 4090 అయితే 450 వాట్లు. ప్రాసెసర్, మానిటర్ కలుపుకుంటే మామూలు గేమింగ్ సిస్టం ఆట నడుస్తున్నంతసేపూ 250, 300 వాట్లు గదిలోకి వదులుతుంది. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి వచ్చే వేడి సుమారు 100 వాట్లు. అంటే తలుపులేసి ఆట మొదలుపెట్టిన గదిలో ఇంకో ఇద్దరు ముగ్గురు అదనంగా కూర్చున్నట్టు. ఆ వేడిలో ఎక్కువ భాగం క్యాబినెట్ వెనక నుంచీ పై జల్లెడలోంచీ బయటికి వస్తుంది. పిల్లి ఏరికోరి పడుకునేది సరిగ్గా ఆ పై జల్లెడ మీదే. ఇక్కడి నుంచే గొడవ మొదలవుతుంది.

రెండేళ్లు సర్వీసింగ్ చేయించని, పిల్లి ఉన్న ఇంటి క్యాబినెట్ పక్క తలుపు తీస్తే కనిపించేది ఒట్టి దుమ్ము కాదు. దుమ్ము అయితే బ్లోయర్ కొట్టగానే లేచిపోతుంది. పిల్లి వెంట్రుకలు అలా కాదు. పైపొర వెంట్రుకల కింద సన్నటి, మెత్తటి లోపలి వెంట్రుకలుంటాయి, రాలేవాటిలో అవే ఎక్కువ. అవి ఫ్యాను గాలికి లోపలికి వెళ్లి, చిప్పు వేడిని లాగే హీట్‌సింక్ రేకుల సందుల్లో అడ్డంగా పడతాయి. వాటికి దుమ్ము పట్టుకుంటుంది, ఆ దుమ్ముకు ఇంకో వెంట్రుక పట్టుకుంటుంది. చివరికి రేకుల మీద బూడిదరంగు కంబళి ముక్క పరిచినట్టు ఒక పొర తయారవుతుంది. చిమటాతో ఒక కొస పట్టి లాగితే మొత్తం ఒకే ముక్కగా ఊడి వస్తుంది. ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంటుంది, చప్పుడూ మామూలుగానే వస్తుంది. అందుకే చాలామంది ఫ్యాను బాగానే ఉంది కదా అనుకుంటారు. గాలి ఆ పొర దాటి రేకుల మధ్యకు పోవట్లేదు, అంతే. ల్యాప్‌టాప్‌లో ఇది ఇంకా దారుణం. గాలి పీల్చుకునే సందులు అడుగున ఉంటాయి, బయటికి వదిలే సందు వేలెడంత వెడల్పు కూడా ఉండదు. వెంట్రుకల పొర లోపల, ఫ్యానుకీ రేకులకీ మధ్య చేరుతుంది. అడుగు మూత విప్పితే తప్ప కనబడదు. బయటి నుంచి బ్లోయర్ కొడితే ఆ పొర ఇంకా గట్టిగా అతుక్కునే అవకాశమే ఎక్కువ.

దీనికి మన వాతావరణం తోడవుతుంది. చిప్పు వేడి అంటే గది వేడి మీద మరికొన్ని డిగ్రీలు అని గుర్తు పెట్టుకుంటే చాలు. పాతిక డిగ్రీల ఏసీ గదిలో పరీక్షించి ఒక ల్యాప్‌టాప్ ఆటలో 80 డిగ్రీల దగ్గర నిలబడిందని రివ్యూలో రాస్తే, ఆ లెక్కలో చిప్పు గది కంటే 55 డిగ్రీలు పైన ఉందన్నమాట. అదే యంత్రాన్ని మే నెల మధ్యాహ్నం విజయనగరంలో మేడ మీద గదిలో పెడితే, స్లాబు వేడెక్కి గది 38కి చేరితే, చిప్పు 93 దగ్గరికి పోవాలి. చాలా ప్రాసెసర్లు 95 నుంచి 105 డిగ్రీల మధ్య తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. ఇక వెంట్రుకల పొర ఒకటి కలిసిందంటే ఆ గీత దాటడానికి పది నిమిషాలు చాలు. ఆట మొదట్లో బాగానే నడిచి, తర్వాత ఫ్రేములు, అంటే సెకనుకు తెర మీద మారే బొమ్మలు, ఒక్కసారిగా సగానికి పడిపోతాయి, కాసేపటికి మళ్లీ లేస్తాయి, మళ్లీ పడతాయి. దీన్ని చూసి ర్యామ్ చాలట్లేదనో, నెట్ స్లో అనో డబ్బులు తగలేసేవాళ్లు చాలామంది. ర్యామ్ చాలకపోయినా ఆట తడబడుతుంది, నెట్ బాగోకపోయినా ఆటలోని మనిషి ఉన్నచోటే ఆగి గెంతుతాడు. కానీ ఇలా ఒక వరసలో పడుతూ లేస్తూ ఉంటే ముందు అనుమానించాల్సింది వేడినే. ఉష్ణోగ్రత చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి వేసుకుని ఆట పక్కన తెరిచి పెడితే అనుమానం తీరిపోతుంది.

వేడి తగ్గించడానికి కొత్త ఫ్యాన్ల కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. మానిటర్ సెకనుకు 60 ఫ్రేములే చూపించగలిగినప్పుడు గ్రాఫిక్స్ కార్డు 180 ఫ్రేములు తయారుచేయడం దండగ. ఆ మిగతా ఫ్రేములన్నీ గదిని వేడెక్కించడానికే పనికొస్తాయి. కొన్ని ఆటల్లో మెనూ తెర మీద ఆడేదేమీ లేకపోయినా ఫ్రేములు వందల్లోకి పోతుంటాయి. సెట్టింగుల్లో ఫ్రేములకు హద్దు పెడితే కార్డు లాగే కరెంటు బాగా పడిపోతుంది, ఫ్యాను చప్పుడు తగ్గుతుంది. పిల్లికి పరుపు కాస్త చల్లబడుతుందనుకోండి.

ఆ పరుపు మీద పిల్లికి ఏం వినబడుతుందన్నది ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మనిషి చెవి 20 కిలోహెర్ట్‌జ్ దగ్గర ఆగిపోతుంది. పిల్లి అంతకు మూడు నాలుగు రెట్లు పైకి వింటుంది. ఎలుక పిల్లల సన్నటి కీచులు వినడానికి పనికొచ్చే చెవులవి. గ్రాఫిక్స్ కార్డు మీద బరువు పడినప్పుడు దాని కాయిల్స్ సన్నగా కీచుమనడం మనకే ఒక్కోసారి వినబడుతుంది. అంతకు పై స్థాయిలో ఏం జరుగుతోందో మనకు తెలియదు, పిల్లికి తెలిసే అవకాశం ఉంది. కొన్ని ఛార్జర్ల దగ్గర పిల్లి చెవులు వెనక్కి పెట్టి లేచిపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు.

ఇప్పుడు తేమ సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కువ తీరరేఖ ఉన్న జిల్లాగా శ్రీకాకుళాన్ని చెబుతారు, దాదాపు 193 కిలోమీటర్లు. భావనపాడు, కళింగపట్నం, బారువ వైపు ఇళ్లలో కిటికీ ఊచలు ఎంత తొందరగా తుప్పు పడతాయో అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. గాలిలో వచ్చే ఉప్పు తుంపర కంప్యూటర్ లోపలికీ పోతుంది. ఉప్పుకు ఒక గుణముంది. గాలిలో తేమ 75 శాతం దాటితే అది గాలిలోని నీటిని పీల్చుకుని తనే కరిగి నీరవుతుంది. డబ్బాలో ఉప్పు వానాకాలంలో చెమ్మగిల్లేది అందుకే. బోర్డు మీద ఉత్త దుమ్ము ఉంటే అంత ప్రమాదం లేదు. ఉప్పు కలిసిన దుమ్ము, దాన్ని పట్టి ఉంచే వెంట్రుకలు కలిస్తే మాత్రం తేమ పెరిగిన రోజు ఆ పొర తడిగుడ్డ అవుతుంది, సన్నగా కరెంటు పాకే దారి అవుతుంది. రాగి కాళ్లు పచ్చబడతాయి. ర్యామ్ కాంటాక్టుల మీద పలచటి పొర పట్టి సిస్టం బీప్‌మంటూ ఊరుకుంటుంది. ఏ రిపేరు షాపుకు తీసుకెళ్లినా ముందు ర్యామ్ ఊడబెరికి పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ పెడతారు, చాలాసార్లు ఆన్ అవుతుంది. అది మంత్రమేమీ కాదు, ఆ పొరే పోయింది. రబ్బరు పొడి స్లాటులోకి రాలకుండా చూసుకుంటే ఇంట్లోనే చేసుకోవచ్చు.

ఇక్కడ చాలామంది ఊహించని విషయం ఒకటుంది. తేమ ఎక్కువున్న కాలంలో సిస్టం నడుస్తుంటేనే దానికి మేలు. గాలి 28 డిగ్రీల వద్ద 85 శాతం తేమతో ఉందనుకుందాం. అదే గాలి క్యాబినెట్ లోపల 38కి వేడెక్కితే దాని తేమ శాతం 50 లోపుకు పడిపోతుంది. నీరు ఎక్కడికీ పోలేదు, వేడిగాలి ఎక్కువ ఆవిరిని మోయగలుగుతుంది, అందుకని పొడిగా ప్రవర్తిస్తుంది. కాబట్టి ఖర్చవుతుందని జూలై నుంచి అక్టోబరు దాకా సిస్టం కట్టేసి గుడ్డ కప్పి పెట్టడం కంటే, రోజూ ఒక గంట నడపడం నయం. హాస్టల్‌కు వెళ్లిన కుర్రాడు సంక్రాంతికి వచ్చి స్విచ్ వేస్తే ఆన్ కాదు, "వాడనే లేదు కదా, ఎలా పాడవుద్ది" అంటారు ఇంట్లోవాళ్లు. వాడకపోవడం వల్లే.

అక్టోబరు నెల ఈ ప్రాంతానికి వేరే లెక్క. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలను కూడా చీకట్లో ముంచింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస ప్రాంతంలో తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలనూ పడగొట్టింది. పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేదు. తుఫాను గాలికి తడిసిన ఉప్పు గాలి ఇంట్లోకి చొరబడి, సిస్టం ఆగిపోయి చల్లగా ఉండే రోజులవి. కరెంటు తిరిగి వచ్చే ఘడియ ఇంకో గండం. లైన్లు కలిపేటప్పుడు ఎక్కడైనా న్యూట్రల్ తెగి ఉంటే ఇంట్లోకి 230 వోల్టులకు బదులు 400 దగ్గరి వోల్టేజి కూడా వచ్చేయగలదు. ఆ వోల్టేజిని మామూలు స్పైక్ బస్టర్ ఆపలేదు. తుఫాను హెచ్చరిక వినబడగానే ప్లగ్గు, ఇంటర్నెట్ వచ్చే లాన్ వైరు రెండూ ఊడదీసి పక్కన పడేయడమే పని. కరెంటు వచ్చాక ఇంట్లో లైట్లు ఒకే కాంతితో ఓ అరగంట నిలబడ్డాకే మళ్లీ పెట్టాలి.

కరెంటు అంటే ఎర్త్ గురించి చెప్పుకోవాలి. పాత ఇళ్లలో మూడు కన్నాల సాకెట్ ఉంటుంది గానీ మూడో కన్నం వెనక వైరు ఉండదు. చెప్పుల్లేకుండా సిమెంటు గచ్చు మీద నిలబడి క్యాబినెట్ అంచును చేతి వెనక భాగంతో మెల్లగా రాస్తే జివ్వుమంటుంది. సిస్టంకు కరెంటు సరిచేసి ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ డబ్బాలో కరెంటు రొదను వడకట్టడానికి ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లను ఇనుప బాడీకి కలుపుతారు. ఎర్త్ ఉంటే ఆ కొంచెం లీకేజీ భూమిలోకి దిగిపోతుంది. లేకపోతే బాడీ మీద 230లో సగం, అంటే 115 వోల్టుల దాకా నిలబడుతుంది. దాని వెనక ఉన్న కరెంటు చాలా తక్కువ కాబట్టి మనకు జివ్వు తప్ప ఏమీ కాదు. కానీ పిల్లి ఏ వస్తువునైనా మొదట పరిచయం చేసుకునేది తడి ముక్కుతో. పైగా అదే లీకేజీ హెడ్‌ఫోన్‌లో గుయ్యిమన్న శబ్దంగానూ, యూఎస్‌బీ పోర్టుల పాట్లుగానూ తేలుతుంది. అరవై వేల గ్రాఫిక్స్ కార్డు కొనేవాళ్లు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఒక ఎర్త్ రాడ్ దింపించుకోరు. ఇది నిజంగా వింత.

అసలు ప్రమాదం ఆ జివ్వులో లేదు, వైరు కొరకడంలో ఉంది. మూడు నాలుగు నెలల వయసులో పిల్లి కూనకు పాలపళ్లు ఊడి కొత్త పళ్లు రావడం మొదలవుతుంది, ఆరేడు నెలలకు పూర్తవుతుంది. ఆ రోజుల్లో చిగుళ్లు దురదపెట్టి మెత్తటి ప్లాస్టిక్ దేన్నైనా నములుతుంది. హెడ్‌ఫోన్ వైరు తెగితే పోయేది డబ్బే. మెయిన్ పవర్ కార్డు కొరికితే నోరు కాలుతుంది, అంతకన్నా ఘోరం ఏమిటంటే కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. షాక్ కొట్టాక పిల్లి లేచి నడిచింది కదా అని ఊరుకోకూడదు. ముందు స్విచ్ ఆపి, ఆ తర్వాతే పిల్లిని ముట్టుకుని, ఆ పూటే పశువుల డాక్టరుకు చూపించాలి. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, మిగతాచోట్ల ప్రభుత్వ పశువైద్యశాలలున్నాయి. ఆవులూ గేదెలూ వచ్చే చోటికి పిల్లిని తీసుకెళ్తే నవ్వుతారేమోనని మొహమాటపడేవాళ్లున్నారు. అక్కర్లేదు. వైర్ల విషయానికొస్తే, గచ్చు మీద వేలాడే వాటిని పీవీసీ పైపు ముక్కలోకి దూర్చేస్తే సగం తలనొప్పి తీరుతుంది.

క్యాబినెట్ వెచ్చదనానికి వచ్చేది పిల్లి ఒక్కటే కాదని ఇక్కడి ఇళ్లలో అందరికీ తెలుసు. బొద్దింకలు, చీమలు, బల్లులు కూడా ఎస్‌ఎంపీఎస్ పక్కన మకాం పెడతాయి. బోర్డు మీది రెండు లోహపు కాళ్ల మధ్య బల్లి అడ్డంగా పడి బోర్డు కాలిపోయిన కేసులు రిపేరు షాపుల్లో మామూలే. దీనికి విరుగుడుగా కొందరు క్యాబినెట్ వెనక కలరా ఉండలు వేస్తారు. పిల్లి ఉన్న ఇంట్లో ఆ పని చేయకూడదు. అందులోని నాఫ్తలీన్ పిల్లికి విషం. దొర్లే ఉండ దానికి ఆటవస్తువు కూడా. వెనకవైపు ఖాళీ స్లాటులకు రేకులు బిగించి, సన్నటి నైలాన్ జాలి అతికిస్తే పురుగూ పోదు, వెంట్రుకా పోదు.

రౌటర్ మీద పిల్లి కూర్చుంటే పింగ్, అంటే సర్వరుకు మాట పోయి రావడానికి పట్టే సమయం, పెరుగుతుందా అన్నది గేమర్ల మధ్య తెగని వాదన. పిల్లి ఒంట్లో ఎక్కువ భాగం నీరే, నీరు వైఫై తరంగాలను కొంత మింగుతుంది, కాబట్టి యాంటెన్నాకు ఆనుకుని పడుకుంటే సిగ్నల్ కాస్త పడవచ్చు. ఒక గోడ చేసే నష్టం ముందు ఇది ఏపాటిది? పింగ్‌లో పెద్ద భాగం దూరానిది. గాజు తీగలో వెలుతురు మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. శ్రీకాకుళం నుంచి ముంబై గాలిదారిన 1,150 కిలోమీటర్ల పైచిలుకు. అక్కడి సర్వరుకు మాట పోయి రావడానికి ఎంత గొప్ప కనెక్షన్‌కైనా 12 మిల్లీసెకన్లు తప్పవు. కేబుల్ తిన్నగా వెళ్లదు, మధ్యలో ఎన్నో మజిలీలు, అందుకని చేతికొచ్చే అంకె దీనికి కొన్ని రెట్లు ఉంటుంది. పాపం పిల్లి వాటా ఇందులో కనబడదు. రౌటర్ గాలి కన్నాలు మూసి దాన్ని వేడెక్కించి మధ్యమధ్యలో రీస్టార్ట్ అయ్యేలా చేయడం మాత్రం దాని వాటానే.

కీబోర్డు మీద నడవడం ఎంత పాత సమస్యంటే, పిల్లి అడుగులను పసిగట్టి కీబోర్డును ఆపేసే పాసెన్స్ అనే సాఫ్ట్‌వేర్ చేసినందుకు క్రిస్ నిస్వాండర్ అనే అమెరికన్‌కు 2000 సంవత్సరంలో ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చారు. నవ్వించి ఆలోచింపజేసే పనులకు ఇచ్చే బహుమతి అది. ఇప్పుడు విండోస్ మీటతో ఎల్ నొక్కి లేస్తే సరిపోతుంది. ఆన్‌లైన్ ఆట మధ్యలో అయితే ఆ వీలు లేదు. ఇంట్లో ఆడుకునే కథ ఆటను పాజ్ చేయొచ్చు, వంద మందితో దిగిన మ్యాచ్‌ను ఆపలేం. దానికి తోడు పిల్లికి హుషారొచ్చేది పొద్దు వాలాక, తెల్లవారకముందు. కాలేజీ నుంచి వచ్చిన కుర్రాళ్లు జట్టు కట్టేది కూడా అప్పుడే. హెడ్‌సెట్ పెట్టుకున్న మనిషి గదిలో ఎవరూ లేకుండా "రారా, ఇటు రా, కవరివ్వు" అని అరుస్తుంటే, గదిలో ఉన్న ఏకైక ప్రాణి తననే పిలుస్తున్నారనుకోవడంలో తప్పేముంది?

ఫోన్‌లో ఆడేవాళ్లకు ఈ బాధలు తక్కువ. ఫోన్‌కు ఫ్యాను లేదు కాబట్టి వెంట్రుకల గొడవ లేదు. పిల్లి పంజా మెత్తలకు టచ్ స్క్రీన్ స్పందిస్తుంది, గోళ్లకు స్పందించదు, కాబట్టి అప్పుడప్పుడూ ఎవరికో ఒకరికి కాల్ పోతుంది. ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్ మీద పిల్లి పడుకుంటే మాత్రం 45 డిగ్రీలు దాటేసరికి ఛార్జింగ్ దానంతటదే నెమ్మదిస్తుంది లేదా ఆగుతుంది. అంతే.

పిల్లిని దించడం వల్ల లాభం లేదని ఈపాటికి అర్థమై ఉంటుంది. దించిన పిల్లి మళ్లీ ఎక్కుతుంది, కాలుగాలిన పిల్లి అని ఊరికే అనలేదు. దానికి కావాల్సింది అంతకంటే మంచి చోటు. క్యాబినెట్ వెనక గాలి వచ్చేవైపు, మూరెడు దూరంలో, బల్ల ఎత్తున ఒక అట్టపెట్టె పెట్టి పాత నూలు చీర ముక్క వేస్తే, వెచ్చదనమూ దొరుకుతుంది, చుట్టూ గోడలున్న భరోసా కూడా దొరుకుతుంది. మూరెడు కంటే దగ్గర పెడితే వేడిగాలి వెనక్కి మళ్లుతుంది. పైన జల్లెడ ఉన్న క్యాబినెట్ అయితే దాని మీద నాలుగంగుళాల ఎత్తున ఒక చెక్క పలక నిలబెట్టాలి. లోపలికి గాలి తోసే ఫ్యాన్లు బయటికి లాగే వాటికంటే ఒకటి ఎక్కువుంటే గాలి జాలి ఉన్న దారిలోనే వస్తుంది, సందుగొందుల్లోంచి వెంట్రుకలను పీల్చుకోదు. క్యాబినెట్‌ను నేల మీద నుంచి జానెడు లేపితే ఇంకా నయం, ఎందుకంటే వెంట్రుకలు దొర్లేది నేల మీదే. జాలిని నెలకోసారి కుళాయి కింద పట్టి బాగా ఆరాక పెట్టుకోవాలి. వారానికి రెండుసార్లు పిల్లిని దువ్వితే రాలే బొచ్చు దువ్వెనకే వచ్చేస్తుంది.

పర్షియన్ పిల్లి ఉన్నవాళ్లకు పై లెక్క తిరగబడుతుంది. విశాఖ నుంచి తెచ్చుకుని ఇక్కడి పట్టణాల్లోనూ ఇప్పుడు బాగానే పెంచుతున్నారు. ఒత్తయిన బొచ్చు, నొక్కుకుపోయిన ముక్కు వల్ల దానికి ఉక్క తట్టుకోవడం కష్టం. క్యాబినెట్ మీదికి రాదు, బాత్‌రూం గచ్చు మీద చాపలా పరుచుకుంటుంది. కానీ దాని బొచ్చు నాటు పిల్లి కంటే ఎక్కువ రాలుతుంది, ఏ గదిలో రాలినా ఫ్యాను దాన్ని సిస్టం దాకా మోసుకొస్తుంది. ఎక్కకపోయినా నష్టం మాత్రం ఎక్కువే. నాటు పిల్లి కూడా మే నెలలో గది 38 దాటాక క్యాబినెట్ వదిలేసి నీళ్ల కుండ పక్కకు చేరుతుంది. దాని కంఫర్ట్ అక్కడితో ఆగుతుంది, సరిగ్గా అక్కడి నుంచే యంత్రం కష్టాలు మొదలవుతాయి.

డిసెంబరు, జనవరి రాత్రుల్లో పిల్లి కోసమని సిస్టం ఆపకుండా వదిలేసేవాళ్లు కూడా ఉన్నారు, డౌన్‌లోడ్ పెట్టామని ఇంట్లో చెబుతారు. ఆట లేకుండా ఊరికే ఆన్‌లో ఉన్న డెస్క్‌టాప్ 60 వాట్లు లాగుతుందనుకుంటే రాత్రంతా ఎనిమిది గంటల పాటు నడిస్తే దాదాపు అర యూనిట్, నెలకు పదిహేను యూనిట్ల దాకా తేలుతుంది. అదే అట్టపెట్టెలో, గుడ్డ చుట్టిన వేణ్ణీళ్ల సీసా ఒకటి పెడితే తెల్లవారుజాము దాకా పిల్లి కదలదు. సీసా మూత గట్టిగా బిగించారో లేదో చూసుకోవాలి.